కంప్యూటరులోని మన యిండ్లు, వాని ప్రతులు

గత సంవత్సరము సెప్టెంబరు నెలలో మా పాఠశాల కంప్యూటరు గదిలోని పెద్ద యంత్రముయొక్క డిస్కు చెడిపోయిన సంగతి ఈ సంచికను చదువు విద్యార్థులలో పెక్కుమందికి జ్ఞాపకముండును. ఆ దినములలో తల్లిదండ్రులు కొందఱు మా యొద్దకు వచ్చి, “పిల్లలు వ్రాసికొన్నదంతయు ఏమైన”దని యడిగిరి. మేము వారికి చెప్పిన సమాధానము మాకే తృప్తికరముగా లేకుండెను. “ప్రతిరాత్రియు ప్రతులు తీయుచునే యుంటిమి, కాని జూను మొదలుకొని తీసిన ప్రతు లేవియు లేవు” అని చెప్పవలసి వచ్చెను. ఇట్టి విపరీతమైన మాటకు అర్థ మేమో, ప్రతి తీయుట యన నేమో, ఎట్లు తీసిన నది నిజముగా ప్రతి యగునో ఈ వ్యాసమున వివరింప దలచితిమి. ఇది కంప్యూటరు గదిని చూచుకొను మాకు మాత్రమే సంబంధించిన పని కాదు. పై చదువులకు పోవు విద్యార్థులు త్వరలోనే తమ యంత్రములకు తామే కావలివారు కావలసి యున్నది.

మొదట ‘ఇల్లు’ అను మాటను గూర్చి చెప్పుదుము. మా యంత్రములు లినక్సు అను వ్యవస్థతో నడచుచున్నవి. దీనిని 1991వ సంవత్సరమున ఫిన్లండు దేశములోని హెల్సింకీ విశ్వవిద్యాలయమున చదువుకొనుచుండిన లీనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి ప్రారంభించెను. అది త్రొక్కిన మార్గము మాత్రము అంతకంటె పాతది. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సను, డెన్నిస్ రిచీ అనువారు మొదలిడిన యూనిక్సు మార్గ మది. ఆ కాలమున కంప్యూటరు మిక్కిలి వెలగల వస్తువు. ఒక్క యంత్రమును పలువురు పంచుకొనవలసి యుండెను. కావున ప్రతి మనుష్యునికి ఒక పేరును, ఒక పాస్‌వర్డును, తనదని చెప్పుకొనుటకు ఒక చోటును ఏర్పఱచిరి. ఆ చోటునకే హోం డైరెక్టరీ యని పేరు.

మా యంత్రమునందు ‘హోం’ అను నొక డైరెక్టరీ కలదు. దానిని ఒక వీథి యనుకొనుడు. ఆ వీథిలో ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క యిల్లు కలదు. ఆరవ తరగతి పిల్లవాడు గీసిన బొమ్మయు, పదవ తరగతి బాలిక వ్రాసిన వ్యాసమును, ఉపాధ్యాయుని మార్కుల పట్టికయు ఆయా యిండ్లలో నుండును. యంత్రము నడచుటకు కావలసిన తక్కిన సరంజామా యంతయు ఈ వీథికి వెలుపల నుండును. అది పోయినను విచారము లేదు. ఒక పూటలో మరల తెచ్చి అమర్చుకొనవచ్చును. వీథిలోనిది పోయినచో మరల దొరకదు, ఏలయన అది లోకమున మఱెక్కడను లేదు.

ఈ యిండ్లలో కంటికి కనబడని సామగ్రియు కొంత కలదు. చుక్కతో మొదలగు పేరుగల ఫైళ్లను యంత్రము మామూలుగా చూపదు. ‘ఎల్‌ఎస్’ అను ఆజ్ఞ యిచ్చినను చూపదు. దానితోపాటు చిన్న గీతయు, ‘ఎ’ అను అక్షరమును చేర్చినప్పుడే చూపును. మనము చేసికొన్న అమరికలు, ఉత్తరముల పెట్టె, తాళపుచెవులవంటి రహస్యసంకేతములు తఱచుగా ఇట్టి ఫైళ్లలోనే యుండును. కిటికీలో కనబడినవానిని మౌసుతో నెంచి మఱియొక డిస్కునకు లాగువారును, నక్షత్రపు గుర్తుతో అన్నియు వచ్చునని నమ్మువారును వీనిని విడిచిపెట్టుదురు. నక్షత్రపు గుర్తు చుక్కతో మొదలగు పేళ్లను పట్టుకొనదు. కావున ఫైళ్లను ఏఱుకొనుట మాని, ఇంటిని ఇల్లుగానే ప్రతి తీయవలెను.

మౌసుతో సులువుగా జరుగు పనికి టెర్మినలు నల్ల తెరపై అక్షరములు కొట్టుట యేల యని విద్యార్థులు మమ్ము అడుగుచుందురు. మౌసుతో చేసిన పనికి గుర్తు మిగులదు. ఏది లాగితిమో, ఏది జాఱవిడిచితిమో రేపు చెప్పలేము. ఆజ్ఞ యనునది వ్రాసిన వాక్యము. దానిని కాగితముపై నెత్తి వ్రాసికొనవచ్చును; తోటి యుపాధ్యాయుడు చదివి తప్పు పట్టవచ్చును; యంత్రముచేతనే ప్రతిరాత్రియు అక్షరము మాఱకుండ చేయింపవచ్చును. ఆ చివరి సౌకర్యమే మమ్ము మోసగించెను. ఆ కథ ముందు వచ్చును.

అన్నిటికంటె చిన్న ఆజ్ఞ ‘సీపీ’. దీనిని ఉట్టిగా వాడినచో డైరెక్టరీలను ముట్టదు. ఫైళ్లను ప్రతి తీసినను వానికి ప్రతి తీసినవానినే యజమానిగా చేసి, నేటి తేదీని వేయును. ‘ఎ’ అక్షరము చేర్చినచో యజమాని, అనుమతులు, తేదీలు ఉన్నవి యున్నట్లు వచ్చును. అందఱి యిండ్లను చదువుటకును, యజమానుల పేళ్లను నిలుపుటకును ‘రూటు’ అధికారము కావలెను. అది యంత్రమునకంతకు పెద్దయైనవాని అధికారము. పనిచేయునంతసేపు మాత్రమే దానిని ధరించి, వెంటనే విడిచిపెట్టుట మంచిది.

పెద్ద పనికి రెండు పనిముట్లు ప్రసిద్ధములు. ఒకటి ‘టార్’. ఇది 1979లో వెలువడిన యూనిక్సు ఏడవ కూర్పులో వచ్చినది. దాని పేరునందు టేపు అను మాట దాగి యున్నది. పాటల క్యాసెట్టులో నుండునట్టి అయస్కాంతపు టేపుపై ఫైళ్లను వరుసగా వ్రాయుటకై దీనిని చేసిరి. నేడు టేపు లేకున్నను పద్ధతి యదే: ఇంటిలోని వస్తువులన్నిటిని, వాని పేళ్లతోను, యజమానులతోను, తేదీలతోను ఒక్క మూటగా కట్టును. ‘సి’ అను అక్షరము మూట కట్టుమనును, ‘టి’ మూట విప్పకయే లోనిదానిని జాబితాగా చదువుమనును, ‘ఎక్స్’ విప్పుమనును, ‘జడ్’ కట్టునప్పుడు నొక్కి చిన్నది చేయుమనును. ‘ఎఫ్’ అను అక్షరమునకు వెంటనే మూటయొక్క పేరు రావలెను. ఇచ్చటనే క్రొత్తవారు తప్పుదురు. రెండు వ్యాసములను మూట కట్టదలచి, మూటపేరు వ్రాయుట మఱచి, రెండు వ్యాసముల పేళ్లను మాత్రమే వ్రాసినచో టార్ మొదటి వ్యాసమునే మూట యనుకొని, దానిని తుడిచివేసి, రెండవదానిని అందులో కట్టును. అడుగదు, హెచ్చరింపదు. మొదటి వ్యాసము పోయినట్లే.

లినక్సులో నుండు టార్ మూట కట్టునప్పుడు పేళ్లకు మొదట నుండు స్లాష్ అను ఏటవాలు గీతను తీసివేసి, తీసివేసితినని యొక మాట చెప్పును. దానిని తప్పిదమని భయపడనక్కఱలేదు. ఆ గీత యున్నచో మూట విప్పునప్పుడు ఫైళ్లు తిన్నగా పాత వీథిలోనికే పోయి, నేడు వ్రాసినదానిపై నిరుటిదానిని పఱచివేయును. గీత లేనందున మనము నిలుచున్న చోటనే విప్పబడును. తెలిసి చేసిన మేలు అది.

రెండవ పనిముట్టు ‘ఆర్‌సింక్’. దీనిని ఆస్ట్రేలియా దేశమున ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ అనువారు నిర్మించి 1996లో ప్రకటించిరి. ఇది మూట కట్టదు; ఒక వీథికి ఎదురుగా మఱియొక వీథిని నిలుపును. మొదటిసారి అంతయు వ్రాయును. తరువాతి దినమున ప్రతి ఫైలుయొక్క పరిమాణమును, మాఱిన వేళను పోల్చి చూచి, మాఱినవానిని మాత్రమే వ్రాయును. దూరమున నున్న యంత్రమునకు పంపునప్పుడు ఇంకను పొదుపు చేయును: పెద్ద ఫైలును ముక్కలుగా విభజించి, రెండు వైపుల ముక్కలను లెక్కలతో సరిచూచి, మాఱిన ముక్కలనే పంపును. మా వీథి యంతయు మొదటి రాత్రి కొన్ని గంటలు పట్టినది. రెండవ రాత్రి కొన్ని నిమిషములే పట్టినది.

ఆర్‌సింక్ వాక్యము ఎట్లుండు నన, ఆజ్ఞ పేరు, పిమ్మట చిన్న గీతతో ‘ఎ’ అక్షరము, పిమ్మట ఎచ్చటనుండి, కడపట ఎచ్చటికి. ‘ఎచ్చటనుండి’ యను పేరు చివర స్లాష్ ఉన్నచో ఇంటిలోని వస్తువులు పోవును. లేనిచో ఇల్లే పోయి అవతలి డైరెక్టరీలో ఇల్లుగా నిలుచును. ఈ యొక్క గీతవలన వీథిలో వీథి, దానిలో మఱియొక వీథి యేర్పడిన డిస్కులను మేము చూచితిమి. అంతకంటె భయంకరమైనది ‘డిలీట్’ అను చేర్పు. ఇచ్చట లేని ఫైలును అచ్చటను తీసివేయుమని దాని యర్థము. ఎచ్చటనుండి, ఎచ్చటికి అను రెండును తలక్రిందు లైనచో, క్రొత్తగా కొన్న శూన్యమైన డిస్కును చూచి, నిండుగా నున్న వీథిని దానివలెనే శూన్యము చేయును. అందుచేత ‘ఎన్’ అను అక్షరమును చేర్చి మొదట నొకసారి ఉత్తుత్తిగా నడిపింపుడు. యంత్రము ఏమియు చేయక, ఏమి చేయబోవునో మాత్రము చెప్పును. ఇందులకై ‘వి’ అను అక్షరమును కూడ చేర్చినచో ఫైళ్ల పేళ్లన్నియు తెరపై వచ్చును. ఆ జాబితాను చదువుటకు పట్టు రెండు నిమిషములను పొదుపు చేసి బాగుపడినవారిని మే మెఱుగము.

ఎదురు వీథి యొక్కటే చాలదు. నేడు ఒక పిల్లవాడు తన వ్యాసమును పొరపాటున చెఱిపి, దాని స్థానమున ఒక్క పంక్తి వ్రాసి దాచుకొనెననుకొనుడు. రాత్రికి ఎదురు వీథిలోను ఆ యొక్క పంక్తియే నిలుచును. నిన్నటిది కావలెనన్న నిన్నటి వీథి యుండవలెను. దినమునకొక పూర్తి ప్రతి తీయుటకు డిస్కు చాలదు గదా యందురేమో. ఆర్‌సింక్‌నందు ‘లింక్‌డెస్ట్’ అను చేర్పు కలదు. నిన్నటినుండి మాఱని ఫైలును మరల వ్రాయక, నిన్నటి ఫైలునకే నేటి తేదీగల డైరెక్టరీలో మఱియొక పేరు పెట్టును. ఒకే మనుష్యుని ఇంటిలో ఒక పేరుతోను బడిలో ఒక పేరుతోను పిలిచినట్లు, వస్తు వొక్కటే, పేళ్లు రెండు. నిన్నటి డైరెక్టరీని తీసివేసినను నేటి పేరుతో వస్తువు నిలిచి యుండును. మా డిస్కుపై ఇప్పుడు 30 దినముల వీథులు కలవు. అవి పట్టిన చోటు రెండు వీథులకు మించదు. అయితే ఒక సంగతి. పేళ్లు ముప్పదియైనను వస్తు వొక్కటే గనుక, డిస్కుపై ఆ తావు చెడినచో ముప్పదియు ఒక్కసారి చెడును.

ఇక మా కథ.

మా యంత్రమునకు వెలుపల ఒక డిస్కును తీగతో తగిలించి, ప్రతిరాత్రి 9 గంటల 30 నిమిషములకు, పిల్లలెవ్వరును పనిచేయని వేళ, ఆర్‌సింక్ నడచునట్లు ‘క్రాన్’ అను గడియారపు పట్టికలో వ్రాసి యుంచితిమి. లినక్సులో వెలుపలి డిస్కునకు తనదైన డ్రైవు అక్షరము ఉండదు. ఉన్న వృక్షములో ఒక ఖాళీ డైరెక్టరీని చూపి, ఈ డిస్కును ఇచ్చట కూర్చుండబెట్టు మనవలెను. దీనిని మౌంటు చేయుట యందురు. డిస్కు కూర్చున్నంతకాలము ఆ డైరెక్టరీలో వ్రాసినది డిస్కునకు పోవును. డిస్కు లేచిపోయినను డైరెక్టరీ మాత్రము అచ్చటనే యుండును. పీట యున్నది, కూర్చున్నవాడు లేడు. అప్పుడు దానిలో వ్రాసినది యెచ్చటికి పోవును? యంత్రముయొక్క సొంత డిస్కునకే పోవును.

వేసవి సెలవులలో గదికి సున్నము వేయించిరి. బల్లలు జరుపునప్పుడు వెలుపలి డిస్కుయొక్క కరెంటు తీగ ఊడినది. జూనులో బడి తెఱచిన దినమున యంత్రమును నడిపించితిమి. వెలుపలి డిస్కు దీపము వెలుగుచున్నదా యని మాలో నొక్కరమును చూడలేదు. ఆ రాత్రి 9-30కి ఆర్‌సింక్ లేచి, పీటపై నెవ్వరును లేరని యెఱుగక, వీథినంతయు యంత్రముయొక్క సొంత డిస్కులోనే మఱియొక మూలకు ప్రతి తీసెను. పని నెఱవేఱినదని పట్టికలో వ్రాసెను. అది అసత్యము కాదు. జూను, జూలై, ఆగస్టు నెలలలో ప్రతిరాత్రియు అట్లే వ్రాసెను. మేమును ఆ పట్టికను చూచి సంతోషించితిమి. సెప్టెంబరులో ఆ డిస్కు చెడినప్పుడు అసలును, ప్రతియు ఒక్క నిమిషమున పోయెను. వెలుపలి డిస్కును తెఱచి చూడగా ఏప్రిలు నెల కడపటి దినమువఱకే యుండెను.

తొమ్మిదవ తరగతి బాలిక యొకతె సముద్రతీరమున నున్న తన అమ్మమ్మగారి యూరిలో చేపల పేళ్లను సేకరించుచుండెను. వంజరము, చందువ, పండుగప్ప మొదలు మన కంగడిలో కనబడనివాని వఱకు 180 పేళ్లు, ఏ మాసమున ఏ వలకు పడునో, ముసలివారు వానిని గూర్చి యేమి చెప్పుదురో వ్రాసి, బొమ్మలు గీసి జూను మొదలుకొని యంత్రములో నెక్కించెను. మొదటి 70 పేళ్లు కాగితపు నోటుపుస్తకమున నుండెను. తక్కినవానిని ఆమె తిన్నగా కంప్యూటరులోనే వ్రాసికొనెను, ఏలయన కంప్యూటరులో నున్నది భద్రమని మేమే ఆమెకు చెప్పి యుంటిమి. ఆ బాలిక మమ్ము ఒక్క మాటయు అనలేదు. ఆమె తల్లిగారు మాత్రము, “ఒక్కసారియైన తెఱచి చూచుకొనలేదా, అయ్యగారూ?” అనిరి.

ఆ ప్రశ్నకు జవాబు లేక, ఇతరుల సంగతి యెట్లున్నదో చదివి చూచితిమి. 1998లో అమెరికాలో పిక్సారు సంస్థవారు ‘టాయ్ స్టోరీ 2’ అను చిత్రమును తయారుచేయుచుండగా ఎవరో తొలగింపు ఆజ్ఞ యొకటి తప్పుచోట ఇచ్చిరి. ఆ యాజ్ఞ ‘ఆర్‌ఎం’, రెండక్షరములే. పనివారు చూచుచుండగనే చిత్రములోని పాత్రలు ఒక్కొక్కటిగా మాయమయ్యెను. ప్రతుల టేపులను తెప్పించి చూడగా, అవి యించుమించు నెల దినములుగా సరిగా వ్రాయబడుట లేదని తేలెను. గాలిన్ సుస్మన్ అను ఉద్యోగిని పసిబిడ్డను చూచుకొనుచు ఇంటినుండి పనిచేయుచుండిరి. ఆమె యింటి యంత్రములో ఒక ప్రతి యుండెను. దానిని దుప్పటులతో చుట్టి కారులో మెల్లగా తీసికొనివచ్చిరి. చిత్రము బ్రతికెను.

2017 జనవరి 31వ తేదీన గిట్‌ల్యాబు అను సంస్థలో ప్రొద్దుపోయిన పిదప పనిచేయుచున్న ఉద్యోగి యొకరు ఒక యంత్రమున చేయవలసిన తొలగింపును మఱియొక యంత్రమున చేసిరి. పొరపాటును గుర్తించి ఆపునప్పటికి సుమారు 300 గిగాబైట్లలో 4.5 మాత్రమే మిగిలెను. వారికి ప్రతులు తీయు ఏర్పాటులు ఒకటి కాదు, ఐదు కలవు. ఆ రాత్రి ఐదింటిలో ఏదియు సరిగా పనికి రాలేదు. రోజును తీయు ప్రతి, పనిముట్టుయొక్క కూర్పు మాఱినందున ప్రతిసారియు విఫలమగుచుండెను. విఫలమైనదని తెలుపు ఉత్తరములు పంపబడుచునే యుండెను గాని, ఉత్తరములను స్వీకరించు యంత్రము వానిని త్రోసివేయుచుండెను. కడకు మఱియొక పనికై ఆఱు గంటలకు ముందు తీసియుంచిన ప్రతి వారిని రక్షించెను. ఆ సంస్థవారు ఈ సంగతులన్నిటిని దాచక లోకమునకు ప్రకటించుటచేతనే మాబోటివారు చదువుకొనగలిగితిమి. అట్టి నిర్మొగమాటము మెచ్చదగినది.

ఈ మూడింటియందును ప్రతి తీయు ఆజ్ఞలో తప్పు వెదకుట దండుగ. తీసినదానిని తిరిగి తెఱచి చదువు పని యెవ్వరికిని అప్పగింపబడి యుండలేదు. మన దేశమున ప్రతులు వ్రాసినవారికి ఈ సంగతి తెలియును. నూరేండ్లు నిలిచిన తాటియాకు పురుగు పట్టకమునుపే క్రొత్త యాకులపై నెత్తి వ్రాసెడివారు. కడపలో నుండిన సి. పి. బ్రౌను దొరగారు తమ సొంత సొమ్ముతో పండితులను నియమించి, ఒక్కొక్క కావ్యమునకు దొరకిన ప్రతుల నెల్ల తెప్పించి, వానిని ఒండొంటితో పోల్చి చదివించి, అటుపిమ్మట శుద్ధప్రతి వ్రాయించిరి. వ్రాయువాడొకడు, సరిచూచువాడు మఱియొకడు. మా గదిలో మొదటివాడు మాత్రమే యుండెను.

ఇప్పుడు మా యేర్పాటు ఇట్లున్నది. ఆర్‌సింక్ నడచుటకు ముందు ‘మౌంట్‌పాయింట్’ అను చిన్న ఆజ్ఞ నడచును. పీటపై డిస్కు కూర్చున్నదా యని యది చూచును. లేనిచో పని యక్కడనే ఆగి, గది తలుపు ప్రక్క యంత్రపు తెరపై ఎఱ్ఱని అక్షరములు వచ్చును. వారమున కొకసారి టార్ మూట యొకటి కట్టి, ‘షా 256 సమ్’ అను ఆజ్ఞతో దానికి వ్రేలిముద్రవంటి 64 అక్షరముల గుర్తు తీయుదుము. మూటలో ఒక్క అక్షరము మాఱినను ఆ గుర్తు పూర్తిగా మాఱును. ఆ గుర్తును కాగితపు రిజిస్టరులో వ్రాసి, మూటగల డిస్కును మిషను బంగళాలోని ఇనుప బీరువాలో నుంచుదుము. ఒకే కప్పు క్రింద అసలును, ప్రతియు ఉండరాదు. నిప్పుకును, నీటికిని రెండును ఒకటియే.

తిరిగి తెచ్చుకొనునప్పుడు మాకు తెలియవచ్చిన చిక్కు లొకటి రెండు చెప్పవలెను. లినక్సు డిస్కుపై ఫైలుయొక్క యజమానిని పేరుతో వ్రాయదు, సంఖ్యతో వ్రాయును. పాత యంత్రమున 1001 అను సంఖ్య పదవ తరగతి బాలునిది. క్రొత్త యంత్రమున మేము పేళ్లను వేఱు వరుసలో నెక్కించుటచే 1001 ఆఱవ తరగతి బాలిక దయ్యెను. వెలుపలి డిస్కును తగిలించినంతనే ఆ బాలుని యిల్లు ఆమెకు సొంతమైనట్లు యంత్రము చూపెను. ఇంటితోపాటు ‘ఈటీసీ’ అను డైరెక్టరీలోని పేళ్ల పట్టికలను కూడ ప్రతి తీసి యుంచినచో ఈ చిక్కు రాదు. ఏ సంఖ్య యెవ్వరిదో వెదకనక్కఱలేకయే తెలియును. టార్ మూటలో పేరును సంఖ్యయు రెండును ఉండును. అది దాని మేలు.

పెన్‌డ్రైవులో ప్రతులుంచుకొను విద్యార్థులకు వేఱొక మాట. కడలో దొరకు పెన్‌డ్రైవులలో పెక్కింటికి ఫ్యాట్ అను జాతి అమరిక యుండును. దానియందు యజమానులును, అనుమతులును నిలువవు. ఫ్యాట్ 32 ఐనచో 4 గిగాబైట్లు గల ఫైలు పట్టనే పట్టదు. కావున టార్ మూట కట్టి, అది పెద్దదైనచో ‘స్ప్లిట్’ అను ఆజ్ఞతో ముక్కలు చేసి యుంచుకొనుడు. తెలుగులో పొడుగైన పేళ్లు పెట్టువారికి ఇంకొక హెచ్చరిక. మా డిస్కులలో ఫైలు పేరునకు 255 బైట్లు హద్దు. ఇంగ్లీషు అక్షరమునకు బైటు ఒకటి. తెలుగున అక్షరమునకు, గుణింతపు గుర్తునకు, పొల్లునకు, ఒక్కొక్కదానికి మూడేసి. ‘స్త్రీ’ అని వ్రాసినచో కంటికి అక్షర మొక్కటి, యంత్రమునకు 18 బైట్లు. ఇట్లు తెలుగు పేరునకు 85 గుర్తులే దక్కును. చేపల పేళ్ల బాలిక ఊరి పేరు, మాసము, వల పేరు అన్నియు ఫైలు పేరులోనే వ్రాయుటకు చూచి ఈ హద్దును మాకు తెలియజేసినది.

తల్లిదండ్రులు కొందఱు, అందఱి యిండ్లకు ప్రతులు తీయువాడు అందఱి సంగతులను చదువగలడు గదా యని సందేహించిరి. ఆ సందేహము న్యాయమైనదే. రూటు అధికారము గలవాడు చదువగలడు. అందుచేత ప్రతులుగల డైరెక్టరీని రూటునకు తప్ప అన్యులకు తెఱవరానట్లు చేసితిమి. బంగళాకు పోవు మూటను ‘జీపీజీ’ అను పనిముట్టుతో గూఢలిపిలోనికి మార్చి పంపుచున్నాము. దాని పాస్‌వర్డు ఒక్క మనుష్యుని తలలో నుంచుట మంచిది కాదు. ఆ మనుష్యుడు మఱచినను, బదిలీయై పోయినను మూట తాళము తెఱచువా డుండడు. ముద్ర వేసిన కవరులో ప్రధానోపాధ్యాయులవారి యొద్ద నొకటి యున్నది.

ప్రతి నెల మొదటి శనివారమున సాయంకాలము నాలుగు గంటలకు కంప్యూటరు గదిలో చీట్లు తీయుదుము. ఏ తరగతివారి వంతైన ఆ తరగతిలో ముగ్గురి పేళ్లు వచ్చును. వారి యిండ్లను ప్రతినుండి ఒక ఖాళీ డైరెక్టరీలోనికి విప్పి, తెరముందునుండి మేము లేచి యావలికి పోయెదము. ఆ పిల్లలే కూర్చుండి తమ ఫైళ్లను తెఱచి, చదివి, సరిగా నున్నవో లేవో రిజిస్టరులో తమ చేతితో వ్రాసి సంతకము చేయుదురు. ఇంతవఱకు ఐదుసార్లు జరిగినది. మూడవసారి ఒక బాలుని బొమ్మల డైరెక్టరీ రాలేదు. వెదకగా, చోటు పట్టు నిరుపయోగపు ఫైళ్లను విడిచిపెట్టుటకై మేము వ్రాసిన నియమములో ఒక పేరు దాని పేరుతో కలిసి యుండెను. ఆ నియమమును దిద్దితిమి. ఐదవసారి చీటిలో చేపల బాలిక పేరు వచ్చెను. ఆమె ఫైలులో 131 పేళ్లుండెను. ఆమె ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, నోటుపుస్తకముతో సరిచూచుకొని, సంతకము చేసెను. వచ్చు నెల వంతు ఎనిమిదవ తరగతివారిది. తల్లిదండ్రులును వచ్చి చూడవచ్చును.